జిగురు వదిలేసిన జిప్సీ మాత్: 1929 నాటి చెక్క బైప్లేన్‌ని మళ్లీ ఎగరేసిన కేస్ స్టడీ

ఈ కేసులోని విమానం 1929లో తయారైన డి హావిలాండ్ డీహెచ్ 60జీ. అందరూ పిలిచే పేరు జిప్సీ మాత్. బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు. దక్షిణ ఇంగ్లండ్‌లో పాత విమానాలు బాగుచేసే చిన్న వర్క్‌షాపు మాది. అందులో నా వాటా చెక్క, బట్ట, రిగ్గింగ్ (రెక్కల తీగలు బిగించి కోణాలు సరిచేయడం). యజమాని కోరిక మేరకు ఆయన పేరు, విమానం రిజిస్ట్రేషన్ నంబరు ఇక్కడ రాయడం లేదు. మిగతాదంతా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే చెక్క విమానాల మీద పనిచేసినవాళ్లు తెలుగులో రాసింది నా కంట పడలేదు. హైదరాబాద్‌లో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదివేటప్పుడు చెక్క నిర్మాణాల మీద ఒక పాఠం ఉండేది. పరీక్ష ముందు రాత్రి చదివి, పొద్దున రాసి, సాయంత్రానికి మర్చిపోయే పాఠం. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నది అదే.

మాత్ విమానాలు వేలల్లో తయారయ్యాయి కదా, ఇందులో అరుదేముంది అని అడగొచ్చు. దీని తర్వాత వచ్చిన టైగర్ మాత్ ఒక్కటే 8,000 పైచిలుకు తయారైన మాట నిజమే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన బేగంపేటలో కుర్ర పైలట్లు నేర్చుకున్నది కూడా వాటి మీదే. కానీ టైగర్ మాత్ బాడీ స్టీలు గొట్టాల ఫ్రేము. డీహెచ్ 60జీ బాడీ అలా కాదు, స్ప్రూస్ కర్రల చుట్టూ పల్చటి ప్లైవుడ్ అంటించిన పొడవాటి పెట్టె. స్టీలు తుప్పు పడితే పైకి కనిపిస్తుంది. పెట్టె లోపల జిగురు చచ్చిపోతే పైకి ఏమీ తెలియదు. అందుకే చెక్క మాత్‌లు చాలా తొందరగా తగ్గిపోయాయి. మిగిలినవాటిలో ఎగిరే స్థితిలో ఉన్నవి ఇంకా తక్కువ.

చరిత్ర అవసరమైనంత వరకే చెప్తాను. కంపెనీ పెట్టిన జెఫ్రీ డి హావిలాండ్ మొదటి మాత్‌ని 1925 ఫిబ్రవరి 22న లండన్ శివారు స్టాగ్ లేన్‌లో ఎగరేశారు. 1928లో ఫ్రాంక్ హాల్ఫర్డ్ డిజైన్ చేసిన 100 గుర్రాల జిప్సీ ఇంజిన్ పెట్టాక దాని దశ తిరిగింది. రెక్కలు వెనక్కి మడిస్తే వెడల్పు పదడుగుల లోపే, కారు షెడ్డులో పెట్టుకోవచ్చు. 1930 మే 5న ఏమీ జాన్సన్ అనే అమ్మాయి ఇలాంటి విమానంలోనే ఒంటరిగా క్రాయ్‌డన్ నుంచి బయల్దేరి, కరాచీ, ఝాన్సీ, కలకత్తా మీదుగా మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరింది. ఇంగ్లండ్‌కి, ఇండియాకి మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కోసం పోటీ జరిగింది కూడా అదే ఏడాది. పోటీలో దిగిన ఆస్పీ ఇంజినీర్ (ఇంజినీర్ ఇంటిపేరు), మన్మోహన్ సింగ్ (ప్రధాని కాదు, అదే పేరున్న పైలట్), జేఆర్డీ టాటా ముగ్గురూ ఎగరేసింది జిప్సీ మాత్‌లే. ఈజిప్టులోని అబూకిర్‌లో ఆస్పీ స్పార్క్ ప్లగ్గుల కోసం ఇరుక్కుపోతే, ఎదురు దిశలో వస్తున్న జేఆర్డీ తన దగ్గరున్నవి ఇచ్చారు. గెలిచింది ఆస్పీ. ఈ కథ మన ఇళ్లలో స్నేహధర్మం కింద చెప్తుంటారు. నాకు మాత్రం ఆ రోజుల్లో ప్లగ్గులు ఎంత త్వరగా పోయేవో ముందు గుర్తొస్తుంది.

చేతికొచ్చినప్పుడు

విమానం ట్రైలర్ మీద వచ్చింది. బాడీ ఒక ముక్క, నాలుగు రెక్కలు విడిగా, ఇంజిన్ స్టాండు మీద, ఫిట్టింగులన్నీ డబ్బాల్లో. కొన్ని దశాబ్దాలుగా ఒక రైతు కొట్టంలో పడి ఉంది. పైకప్పు బాగానే ఉందని యజమాని నమ్మకం. బాడీ వెనక కాక్‌పిట్ కింద తేమ మీటర్ పెడితే 20 శాతం దాటింది. ఆరోగ్యంగా ఉన్న చెక్కలో 10 నుంచి 14 శాతం మధ్య ఉండాలి. పైకప్పు కారకపోయినా మట్టి నేల మీద నిలబెట్టిన చెక్క పెట్టె కింది నుంచి తేమ పీల్చుకుంటుంది, అంతే.

మొదట చేసిన పని కాగితాలు చదవడం. ఈ వయసు విమానాల్లో ఏ భాగం ఎక్కడిదో తేల్చడమే ఒక పరిశోధన. యుద్ధం వచ్చాక ప్రైవేటు మాత్‌లని ప్రభుత్వం తీసేసుకుంది. చాలావాటిని స్పేర్ పార్టుల కోసం విప్పేశారు. బతికి బయటపడ్డవాటికి ఒకదాని రెక్క ఇంకోదానికి ఎక్కింది. మా విమానం లాగ్‌బుక్కుల్లో మధ్యలో ఖాళీ ఉంది. కింది ఎడమ రెక్క మీది నంబరు మిగతా మూడింటికీ సంబంధం లేనిది. యజమానికి కాస్త దిగులు కలిగింది. నాకు మాత్రం ఆ రెక్క మీద మిగతావాటికంటే ఎక్కువ కన్నేయాలని అర్థమైంది. దాని పూర్వాపరాలు ఎవరికీ తెలియవు మరి.

తర్వాత పాత బట్ట మొత్తం కోసేశాం. ఈ దశలో కస్టమర్లు భయపడతారు. ఫొటోల్లో అప్పటిదాకా విమానంలా కనిపించింది అస్థిపంజరం అయిపోతుంది. కానీ బట్ట కింద చూడకుండా ఖర్చు అంచనా చెప్పే వర్క్‌షాపుని నేనైతే నమ్మను.

అసలు రోగం

1929లో డి హావిలాండ్ వాళ్లు వాడింది కేసీన్ జిగురు. పాలలోని ప్రొటీన్‌తో చేస్తారు. పొడిగా ఉన్నంతకాలం అద్భుతంగా పట్టుకుంటుంది. తేమ తగిలితే మెత్తబడుతుంది, బూజు దాన్ని తింటుంది. తడి, ఎండ, మళ్లీ తడి అని పదే పదే నడిస్తే చెక్క ఉబ్బి కుంచించుకుపోతూ మిగిలిన పట్టుని కూడా వదిలించేస్తుంది. చెక్క ఏమాత్రం పుచ్చకుండా, చూడ్డానికి కొత్తదానిలా ఉండి కూడా అతుకు చచ్చిపోయి ఉండొచ్చు.

పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. 0.1 మిల్లీమీటర్ ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి స్టీలు రేకు) తీసుకుని అతుకు అంచు పొడవునా నడిపిస్తాం. మంచి అతుకులోకి అది దూరదు. మా విమానంలో వెనక కాక్‌పిట్ ఫ్లోర్ దగ్గర, కుడివైపు కింది లాంజిరాన్‌కీ (బాడీ పొడవునా వెళ్లే కర్ర) ప్లైవుడ్‌కీ మధ్య గేజ్ బ్లేడు దాదాపు సగం వరకు ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోయింది. బయటికి తీస్తే దాని మీద గోధుమరంగు పొడి. అదే ఒకప్పటి జిగురు. వేళ్ల మధ్య నలిపితే పిండిలా జారిపోయింది. ప్లైవుడ్ అక్కడ నిలబడి ఉన్నది చిన్న ఇత్తడి మేకుల వల్లే. ఆ మేకులు జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి కొట్టినవి, బరువు మోయడానికి కాదు.

అక్కడి నుంచి ముందుకు వెళ్తే మరో రకం జబ్బు. ఇంజిన్ వెనక భాగంలో ఏళ్ల తరబడి కారిన నూనె ప్లైవుడ్ పొరల్లోకి ఇంకిపోయింది. నూనె తాగిన చెక్కకి కొత్త జిగురు ఏదీ పట్టదు. ఎంత తుడిచినా, ఏ సాల్వెంట్ పెట్టినా లోపలి పొరల్లోంచి మళ్లీ ఊరుతుంది. దాని గురించి చర్చ అనవసరం, కోసి పారేయాల్సిందే.

వాతావరణం జిగురుని ఏం చేస్తుందో చెప్పడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. డి హావిలాండ్ వాళ్ల యుద్ధ విమానం మస్కిటో కూడా చెక్కదే. 1944లో ఇండియా, బర్మా వైపు పనిచేస్తున్న మస్కిటోల రెక్కల్లో అతుకులు వదిలేయడం, ప్రమాదాలు జరగడంతో వాటిని నేల మీద ఆపి తనిఖీ చేశారు. మన ఎండలూ వానలూ ఒక కారణం, ఫ్యాక్టరీలో జిగురు పని సరిగ్గా చేయకపోవడం ఇంకో కారణం. అప్పటికే కేసీన్ బదులు సింథటిక్ జిగుర్లు వచ్చేశాయి. 1937లో డక్స్‌ఫర్డ్‌లో నార్మన్ డి బ్రూయిన్ తయారుచేసిన ఏరోలైట్ అందులో ముఖ్యమైనది. జిగురు ఎంత మంచిదైనా పూసే చెయ్యి, బిగించే క్లాంపు సరిగా లేకపోతే లాభం లేదని అప్పుడే తేలింది.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

యజమానితో గట్టిగా వాదన నడిచింది ఇక్కడే. ఆయనకి పక్క ప్లైవుడ్ పలకలు ఉంచాలని. స్టాగ్ లేన్ ఫ్యాక్టరీలో పనివాళ్లు పెన్సిల్‌తో గీసిన గుర్తులు లోపలివైపు ఇంకా ఉన్నాయి. ఎపాక్సీ అనే సింథటిక్ జిగురు ఇంజెక్ట్ చేసి నిలబెట్టలేమా అన్నారు. ఆయన బాధ నాకు అర్థం కాకపోలేదు. కానీ నేను ఒప్పుకోలేదు.

కారణం ఇది. చచ్చిన కేసీన్ పొడి ఉన్న అతుకులోకి సిరంజితో ఎపాక్సీ పంపితే, ఎపాక్సీ పట్టుకునేది పొడిని, చెక్కని కాదు. లోపల ఎంత మేర చేరిందో చూసే మార్గమూ లేదు. పైకి మాత్రం ఫీలర్ గేజ్ దూరదు, అంటే పరీక్షే పనికిరాకుండా పోతుంది. రోగం నయం కాకుండా రోగం కనిపించకుండా చేసే వైద్యం అది. మ్యూజియంలో నిలబెట్టే విమానానికైతే సరే. మనిషిని కూర్చోబెట్టి ఎగరేసేదానికి నేను సంతకం పెట్టను.

చివరికి ఒక పద్ధతి మీద రాజీకొచ్చాం. లోడు మోసే ప్రతి అతుకూ విప్పి చూడాలి. చెక్క బాగుండి, అంటించే ముఖం శుభ్రంగా గీకగలిగితే ఆ ముక్కనే మళ్లీ వాడతాం. అలా కుదరకపోతే కొత్తది. లోడు మోయని భాగాలు, అంటే సీట్లు, ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్, కాక్‌పిట్ అంచుల తోలు, తలుపులు, లగేజి పెట్టె మూత, ఇవన్నీ ఎంత గీతలు పడ్డా పాతవే ఉంటాయి. తీసేసిన పక్క పలకలని పారేయకుండా కొత్తవి కోయడానికి అచ్చుగా వాడి, తర్వాత లేబుల్ అంటించి ఆయనకే అప్పజెప్పాం. పెన్సిల్ గీతలున్న పలక ఇప్పుడు ఆయన ఇంట్లో గోడ మీద ఉంది. అక్కడ దానికి ఏ లోడూ లేదు కాబట్టి నాకు అభ్యంతరమూ లేదు.

నన్నడిగితే అసలుతనం అంటే పాత కర్రముక్క ఒక్కటే కాదు. అదే జాతి చెక్క, అదే నార దిశ, అదే డ్రాయింగు, అదే క్రమంలో కట్టడం. స్టాగ్ లేన్ వాళ్లు కూడా పగిలిన లాంజిరాన్ వస్తే కొత్తది వేసి పంపేవాళ్లే.

చెక్క పని

స్ప్రూస్ అంటే ఏ స్ప్రూసైనా సరిపోదు. సిట్కా స్ప్రూస్, విమాన గ్రేడు, కాగితాలతో సహా. నార 15 అంగుళాల పొడవులో 1 అంగుళం కంటే ఎక్కువ పక్కకి వాలకూడదు. వలయాలు దగ్గర దగ్గరగా ఉండాలి, ముడులు, జిగట పాకెట్లు ఉండకూడదు. డబ్బు పెట్టి తెచ్చిన పలకల్లో కూడా చాలా భాగం పక్కకి పోతుంది. మిగిలింది చిన్న ముక్కలకి, అచ్చులకి.

లాంజిరాన్ మొత్తం మార్చలేదు. వెనక సగమే పాడైంది కాబట్టి స్కార్ఫ్ అతుకు వేశాం. రెండు కొసలనీ 12కి 1 వాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి పరిచి అంటించడం. అంగుళం మందం కర్రకి పన్నెండు అంగుళాల అతుకు. కాంతికి అడ్డంగా పట్టి చూస్తే రెండు ముఖాల మధ్య వెలుగు గీత కనిపించకూడదు. మేం వాడిన ఏరోడక్స్ 185 రిసార్సినాల్ జిగురు ఖాళీలని క్షమించదు. సందుంటే బలం ఉండదు. ఎపాక్సీ ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది కానీ, ముదురు రంగు వేసిన భాగాలు ఎండలో వేడెక్కితే మెత్తబడే గుణం దానికుంది. రిసార్సినాల్‌కి ఆ బెడద లేదు. ఆరాక ముదురు ఎరుపు గీతలా మిగిలిపోతుంది, కాబట్టి ముప్పై ఏళ్ల తర్వాత చూసేవాడికి కూడా ఏది మా పనో, ఏది 1929దో ఇట్టే తెలుస్తుంది.

జిగురు కలిపిన ప్రతిసారీ అదే చెక్క తుంటలతో రెండు మూడు నమూనా ముక్కలు అంటించి పక్కన పెడతాం. మర్నాడు వాటిని వైస్‌లో బిగించి విరుస్తాం. అతుకు దగ్గర కాకుండా చెక్కే చీలాలి, చీలిన ముఖం మీద నారలు లేచి ఉండాలి. నున్నగా ఊడొస్తే ఆ రోజు అంటించినదంతా విప్పాల్సిందే. ఈ ముక్కలన్నిటికీ తేదీ, బ్యాచ్ నంబరు, ఆ రోజు గది ఉష్ణోగ్రత రాసి సంచుల్లో పెట్టి వర్క్ ప్యాక్‌తో కలిపి ఉంచాం. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు లోహపు భాగాలకంటే ముందు అడిగింది ఆ సంచులే.

రెక్కల స్పార్లు, అంటే రెక్క పొడవునా బరువు మోసే దూలాలు, చాలావరకు నిలబడ్డాయి. ఊరూపేరూ తెలియని ఆ కింది ఎడమ రెక్క తప్ప. దాని ముందు స్పార్ చూడ్డానికి నిగనిగలాడుతోంది. గది లైట్లు ఆపి, టార్చిని చెక్కకి దాదాపు ఆనించి, వెలుగు పక్కనుంచి పడేలా మెల్లగా జరుపుతూ పోతే, స్ట్రట్ (పై, కింది రెక్కలని కలిపే నిలువు కర్ర) ఫిట్టింగుకి జానెడు దూరంలో నారకి అడ్డంగా వెంట్రుక మందం గీత ఒకటి కనిపించింది. ఉలి మొనతో గీస్తే నారలు అక్కడ నలిగి చిన్న గట్టులా తగిలాయి. దీన్ని కంప్రెషన్ షేక్ అంటాం. చెక్క పగల్లేదు, ఒకప్పుడు నొక్కుకుపోయింది. బలంగా నేలకి తగిలినప్పుడో, రెక్క కొస దేనికైనా కొట్టుకున్నప్పుడో జరుగుతుంది. ఎదురు లైటులో అస్సలు కనబడదు. దీనికి రిపేరు లేదు. స్పార్ మొత్తం కొత్తది చేశాం. లాగ్‌బుక్కులో ఆ దెబ్బ గురించి ఒక్క ముక్క లేదు.

ఇనుము, తీగలు

చెక్కలోకి దిగిన బోల్టుల చుట్టూ నల్లటి మచ్చ ఉంటే తేమ, ఇనుము కలిసి అక్కడి నారని తినేస్తున్నాయని అర్థం. బోల్టు తీసి చూస్తే రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది. అలాంటి చోట రంధ్రాన్ని పెద్దది చేసి లావు బోల్టు వేయడం పాతకాలపు అలవాటు. డ్రాయింగు ఒప్పుకుంటేనే అది చేయాలి. లేదంటే చెక్క ముక్క మార్చాలి. ఫిట్టింగులన్నిటికీ పెయింటు ఊడదీసి మ్యాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతంతో, ఇనుప పొడితో పగుళ్లు పట్టేది) చేయించాం. రెండు మూడింట్లో వెల్డింగు అంచున పగుళ్లు బయటపడ్డాయి. వాటిని డ్రాయింగు ప్రకారం కొత్తగా చేయించాం. కొలతలన్నీ అంగుళాల్లో, మరలన్నీ పాత బ్రిటిష్ కొలతల్లో ఉంటాయి. మెట్రిక్ స్పానర్ల పెట్టెతో వచ్చిన కొత్త కుర్రాడికి మొదటివారం నరకం.

బైప్లేన్ రెక్కల మధ్య కనిపించే తీగలు నిజానికి తీగలు కావు. గాలికి అడ్డం తగలకుండా పల్చటి కోడిగుడ్డు ఆకారంలో రోల్ చేసిన స్టీలు కడ్డీలు. ఒక కొసకి కుడి మర, ఇంకో కొసకి ఎడమ మర. స్కాట్లండ్‌లో మసల్‌బర్గ్ ఊరి బ్రంటన్స్ పేరు ఈ రంగంలో అందరికీ తెలుసు. మా పాత కడ్డీల్లో కొన్ని మెరుస్తూ ఉన్నా అన్నీ కొత్తవే వేశాం. మర గాడి అడుగున మొదలయ్యే ఫెటీగ్ పగులు, అంటే పదే పదే బరువు పడి వచ్చే పగులు, కంటికి కనబడదు. 2013 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని సౌత్ స్ట్రాడ్‌బ్రోక్ దీవి దగ్గర ఒక టైగర్ మాత్ గాల్లోనే విడిపోయి ఇద్దరు చనిపోయారు. కింది రెక్కలని బాడీకి కలిపే టై రాడ్లు మరల దగ్గర ఫెటీగ్‌తో తెగాయని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. నిర్మాణం మా విమానానిది వేరు, కానీ ఆ నివేదిక చదివాక పాత మరకడ్డీని చూసి ఇది బానే ఉందిలే అనడానికి నోరు రాదు.

బట్ట

రెక్కలకి ఐరిష్ లినెన్ వాడాం. పాలియెస్టర్ బట్ట ఎక్కువకాలం మన్నుతుంది, చవక, ఎవరూ తప్పుపట్టరు. ఈ విషయంలో యజమాని లినెన్ అన్నారు, నేనూ సరేనన్నాను. ఎందుకంటే ఇక్కడ సొగసుకీ భద్రతకీ పోటీ లేదు. లినెన్ అయితే కొన్నేళ్లకి మళ్లీ మార్చాలి, మార్చినప్పుడు లోపల చెక్క చూసే అవకాశం దొరుకుతుంది. చెక్క విమానానికి అది మేలే.

బాడీ ప్లైవుడ్ మీద మాత్రం లినెన్ కాదు, మాడపోలం అనే పల్చటి నూలు బట్టని డోప్‌తో (బట్టని బిగించి గట్టిపరిచే వార్నిష్ లాంటి ద్రవం) అంటిస్తాం. మస్కిటోలకీ చుట్టింది ఇదే. ఈ బట్టకి పేరు మన నరసాపురం పక్కన గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయిపాలెం నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వాళ్లకి అక్కడ బట్టల వ్యాపార కొఠీ ఉండేది. ఇప్పుడొచ్చే బట్ట అక్కడిది కాదులెండి. మా వర్క్‌షాపులో దాని థాను విప్పిన ప్రతిసారీ గోదావరి జిల్లావాణ్ని నేనే అన్నట్టు నాకేసి చూస్తారు. నాది నల్గొండ అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

రెక్కకి బట్ట తొడిగాక ప్రతి ఈనెకీ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డు ముక్క) కుట్టాలి. మైనం పట్టించిన లినెన్ దారం, పొడవాటి సూది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, రెక్క మందం గుండా. సుమారు 3 అంగుళాలకో ముడి, ప్రొపెల్లర్ గాలి కొట్టే చోట ఇంకా దగ్గరగా. రెక్కకి అటొకరు ఇటొకరు నిలబడి సూది అందించుకోవాలి. కుట్టు మీద టేపు, దానిమీద డోప్. మొదట ఎరుపు డోప్, బట్టని బిగించడానికి. తర్వాత అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు, ఎండలోని యూవీ బట్టని తినేయకుండా. ఆ పైన అసలు రంగు. రంగు ఎంత మందంగా కొడితే అంత బరువు, కాబట్టి తళతళలాడాలని పూతల మీద పూతలు వేయనివ్వలేదు.

డోప్ వేసే రోజు వాతావరణమే యజమాని. గాలిలో తేమ ఎక్కువుంటే ఆరేటప్పుడు తెల్లగా బూడిద పట్టినట్టు వస్తుంది, బిగువు రాదు. గది వెచ్చగా, పొడిగా ఉంచాలి, అలాగని మంటతో వెచ్చబెట్టే హీటరు పెట్టకూడదు. డోప్ ఆవిరి ఎంత తొందరగా అంటుకుంటుందో తెలిసినవాడు ఆ షెడ్డులో ఫోన్ చార్జర్ కూడా పెట్టడు. ఇంగ్లండ్ నవంబరులో ఈ పని పెట్టుకోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

ఇంజిన్

ఇది మా పని కాదు, స్పెషలిస్టుకి పంపాం. నాలుగు సిలిండర్లు, 5.23 లీటర్లు, గాలితో చల్లబడేది. టైగర్ మాత్‌లో ఉండే జిప్సీ మేజర్ తలకిందులుగా ఉంటుంది, ఇది నిటారుగా ఉంటుంది. కాబట్టి పైలట్ ముందు చూపుకి అడ్డం. క్రాంక్ షాఫ్ట్ పగుళ్ల పరీక్ష నెగ్గింది. ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటోలు రెండిటికీ తీగ మళ్లీ చుట్టించారు. వాల్వు రాకర్లు బయటికే ఉంటాయి కాబట్టి వాటికి చేత్తో గ్రీజు పెడుతూ ఉండాల్సిందే. ప్రొపెల్లర్ చెక్కది, కొత్తది.

రిగ్గింగ్

ఈ దశ చూడ్డానికి సులువు. విమానాన్ని లెవెల్‌లో నిలబెట్టి, నాలుగు రెక్కలు ఎక్కించి, కడ్డీలు బిగించడమే కదా అనిపిస్తుంది. కానీ కుక్కి మంచం నులక బిగించినవాళ్లకి తెలుసు, ఒక మూల లాగితే ఎదుటి మూల వంకర పోతుంది. ఫ్లయింగ్ వైర్లు గాల్లో రెక్కని పైకి విరిగిపోకుండా పట్టుకుంటాయి. ల్యాండింగ్ వైర్లు నేల మీద ఉన్నప్పుడు రెక్క బరువు మోస్తాయి. స్ట్రట్ల మధ్య అడ్డంగా ఉండే ఇన్సిడెన్స్ వైర్లు రెక్క ఎంత కోణంలో గాలిని చూడాలో నిర్ణయిస్తాయి. ఒకదాన్ని అర చుట్టు తిప్పితే మిగతా రెండు రకాలూ కదులుతాయి.

మా క్రమం ఇలా ఉంటుంది. ముందు మధ్య భాగం, అంటే పెట్రోలు ట్యాంకు ఉండే పై ముక్క. అది బాడీకి సరిగ్గా మధ్యలో, అడ్డంగా సమంగా లేకపోతే తర్వాత ఎంత తిప్పినా వంకరే. ట్యాంకు నుంచి ఇంజిన్‌కి పెట్రోలు తన బరువుతోనే దిగుతుంది, పంపు లేదు, కాబట్టి ఈ ముక్క దగ్గరే పైపుల పని కూడా ముగించేస్తాం. తర్వాత ల్యాండింగ్ వైర్లతో రెక్కలు కొసల వైపు పైకి లేచే డైహెడ్రల్ కోణం తెచ్చి, ఆపైన ఇన్సిడెన్స్ చూసి, చివరికి ఫ్లయింగ్ వైర్లు బిగిస్తాం. బిగువు ఎక్కువ పెడితే స్పార్ల మీద అనవసరపు నొక్కుడు. తక్కువైతే గాల్లో కడ్డీలు వణుకుతాయి. ప్రతి కడ్డీ కొసన ఫోర్కులో చిన్న తనిఖీ రంధ్రం ఉంటుంది. సన్నని పిన్ను లోపలికి దూరకూడదు. దూరితే మర చాలినంత లోపలికి వెళ్లలేదన్న మాట. పల్చటి అంచు గాలివాటానికి సరిగ్గా ఉండేలా తిప్పి, అప్పుడు లాక్ నట్లు.

విమానాన్ని పక్కకి వాల్చే ఐలెరాన్లు ఈ విమానంలో కింది రెక్కలకే ఉంటాయి. పైకి ఎక్కువ, కిందికి తక్కువ కదిలేలా అమర్చడం డి హావిలాండ్ వాళ్ల పేటెంటు. కేబుళ్లు వేసేటప్పుడు ఈ తేడా డ్రాయింగులోలా వచ్చిందో లేదో రెండు వైపులా కొలిచాం. కంట్రోళ్లు సరైన దిశలో కదులుతున్నాయని ఇద్దరు వేర్వేరుగా చూసి సంతకం చేయాలన్న నియమం ఊరికే పెట్టలేదు. రెక్కలు మడిచి విప్పే విమానంలో ఆ సంతకం విలువ ఇంకా ఎక్కువ.

తూకం, మొదటి ఎగురుడు

తోకని ఎత్తి లెవెల్ చేసి మూడు తూకపు యంత్రాల మీద నిలబెట్టాం. ఖాళీ బరువు పాత కాగితం మీదున్నదానికంటే కాస్త ఎక్కువ వచ్చింది. రేడియో, ఇప్పటి బెల్టులు, కొత్త ప్లైవుడ్ అన్నీ కలిపితే ఆ తేడా సరిపోయింది. గురుత్వ కేంద్రం హద్దుల్లోనే ఉంది. అయితే వెనక సీట్లో బరువైన మనిషి, నిండు లగేజి కలిస్తే వెనక హద్దుకి దగ్గరవుతుంది. ఆ లెక్కతో ఒక కార్డు చేసి కాక్‌పిట్‌లో పెట్టాం.

బ్రేకులు లేవు, తోక చక్రం లేదు, తోక కింద చెక్క స్కిడ్ ఒకటే. కాబట్టి గడ్డి మైదానం, గాలికి ఎదురుగా మాత్రమే. పరీక్షగా ఎగరేయడానికి అనుమతి వచ్చాక ఈ రకం మీద అనుభవమున్న పైలట్ ఒక్కడే ఎక్కాడు. మొదటి ఎగురుడులో ఎడమ రెక్క కొద్దిగా దిగుతోందన్నాడు. కొత్త స్పార్ వేసిన రెక్కే. స్పార్ చూస్తే అదే కొలత, కానీ బట్ట బిగువుకి రెక్క కొస దగ్గర కోణం కాస్త తగ్గింది. ఎడమవైపు ఇన్సిడెన్స్ వైర్లు కొంచెం సవరించాం, మళ్లీ అన్ని కొలతలూ చూశాం. తర్వాతి ఎగురుడులో స్టిక్ వదిలేసినా నిటారుగా పోయింది.

కొత్త చెక్క, కొత్త బట్ట సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. అందుకే మొదటి గంటల తర్వాత కడ్డీల బిగువు, ప్రొపెల్లర్ బోల్టుల టార్కు (బిగింపు బలం) మళ్లీ చూశాం. ప్రొపెల్లర్ చెక్క గాలి పొడిగా ఉంటే కుంచించుకుంటుంది, తేమగా ఉంటే ఉబ్బుతుంది కాబట్టి ఆ టార్కు రుతువు మారినప్పుడల్లా చూడాలని మెయింటెనెన్స్ షెడ్యూల్లో రాశాం. ప్లైవుడ్ కింది భాగంలో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి, కానీ వాటిని తెరిచి ఉంచడం యజమాని పని. ఏడాదికోసారి వెనక కాక్‌పిట్ ఫ్లోర్ విప్పి, ఆ కుడివైపు లాంజిరాన్ అతుకులో ఫీలర్ గేజ్ పెట్టి చూడమని విడిగా ఒక షరతు పెట్టాం. మొదటి వార్షిక తనిఖీలో గేజ్ లోపలికి వెళ్లలేదు, తేమ 12 శాతం. ఇంజిన్ వెనక ప్లైవుడ్ మీద మాత్రం అప్పుడే నూనె చుక్కలు కనిపించాయి. కింద రేకు ట్రే ఒకటి అమర్చి, డ్రాయింగు మార్పుకి దరఖాస్తు పెట్టాం.